మోర్గోన్: చాలా ఏళ్లుగా మా బల్ల మీదున్న రెడ్ వైన్

ఇంట్లో ఒకే ఒక్క రకం రెడ్ వైన్ పెట్టుకోమంటే నేను పెట్టుకునేది మోర్గోన్. ఫ్రాన్స్‌లోనే బోర్డో ప్రాంతపు వైన్‌కున్న పేరు దీనికి లేదు, బర్గండీ వైన్‌కున్న రేటూ లేదు. ఉద్యోగానికి లియోన్ వచ్చిన కొత్తలో దగ్గర ఊరి సరుకు, చవగ్గా వస్తుంది కదా అని మొదలుపెట్టాను. తర్వాత జీతం పెరిగింది, వైన్ మాత్రం మారలేదు.

మోర్గోన్ అంటే ఒక కంపెనీ బ్రాండ్ కాదు. లియోన్‌కు ఉత్తరాన, బోజోలే ప్రాంతంలో విలియే-మోర్గోన్ అనే ఊరుంది. దాని చుట్టుపక్కల తోటల్లో పండిన ద్రాక్షతో చేస్తేనే సీసా మీద ఆ పేరు వేసుకోవాలని 1936 నుంచీ నిబంధన. బోజోలే అనగానే చాలామందికి నవంబరు మూడో గురువారం వచ్చే 'నువో', అంటే ఆ ఏటి పంటతో త్వరగా చేసి అమ్మే కొత్త వైన్, గుర్తొస్తుంది. ఆ అరటిపండు వాసన, పల్చటి తీపి రుచి చూసి ఇక బోజోలే జోలికి వెళ్లనని ఒట్టేసుకున్నవాళ్లు నాకు తెలుసు. దానికీ దీనికీ పోలిక లేదు. బోజోలేలో 'క్రూ' అనే పై హోదా ఉన్నవి పది, మోర్గోన్ వాటిలో ఒకటి. క్రూ పేరు పెట్టి నువో అమ్మడానికి వీల్లేదు.

ద్రాక్ష గమే రకం. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ ఈ తీగలన్నీ పీకి పారేయమని ఆజ్ఞ వేశాడు. అక్కడ పరువు పోగొట్టుకున్న తీగ బోజోలే ఉత్తర భాగంలోని రాతినేలలో నిలదొక్కుకుంది. ద్రాక్షను చిదపకుండా గుత్తులు గుత్తులుగానే తొట్టెలో వేస్తారు. అడుగున ఉన్నవి బరువుకు నలిగి పులియడం మొదలుపెడతాయి. అలా పులిసేటప్పుడు వచ్చే గ్యాస్ తొట్టెంతా నిండాక, పైనున్న పండ్లు చెక్కు చెదరకుండా లోపల్లోపలే పులుస్తాయి. పండు వాసన అంత ఘాటుగా ఉండటానికి, వగరు తక్కువగా ఉండటానికి ఇదే కారణం. నువోకు ఈ పని నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. మోర్గోన్‌ను ఇంకా చాలా రోజులు నానబెడతారు కాబట్టి కాస్త కండ పడుతుంది.

కొత్త సీసా తెరవగానే ముక్కుకు తగిలేది బాగా మగ్గిన నల్ల చెర్రీ. ఆ వెనకే వయొలెట్ పూల వాసన, కొంచెం మిరియాల ఛాయ. నాలుక మీద పులుపు ముందు తెలుస్తుంది, వగరు చివర్లో చిగుళ్ల దగ్గర సన్నగా మిగులుతుంది. అదే సీసాను నాలుగైదేళ్లు దాచి తెరిస్తే మాత్రం వేరే మనిషి: పండు వెనక్కి తగ్గి, తడిసిన ఆకులు, మట్టి, చెర్రీ గింజ వాసనలు పైకొస్తాయి. అన్ని మోర్గోన్లూ ఇలా మారవు. కోట్ ద్యు పీ అని ఊరి పక్కనే ఒక గుట్ట ఉంది. పక్కనే ఉన్న ఫ్లూరీ అనే ఊళ్లో గులాబీ రంగు గ్రానైట్ అయితే ఇక్కడ నీలిరంగు రాయి, చేత్తో నలిపితే పొరలు పొరలుగా ఊడొచ్చేంత పాతది. ఆ గుట్ట పేరు లేబుల్ మీద ఉంటే దాచిపెట్టండి. లేకపోతే రెండు మూడేళ్లలో తాగేయడమే మంచిది.

ఏ ఏడాది పంట అన్నది కూడా చూసుకోవాలి. 2015, 2018, 2020 ఎండలు బాగా కాసిన ఏళ్లు, వైన్ చిక్కగా, ఘాటుగా వచ్చింది. 2021లో మంచు, వానలు పంటను దెబ్బతీశాయి. చాలామంది దాన్ని తక్కువ చేసి మాట్లాడతారు గానీ, ఆ ఏటి పల్చదనం, ఆ పులుపు నాకు భోజనంలో భలే కుదిరాయి.

ఇక తిండి సంగతి. లియోన్‌లో వేడివేడి సాసేజ్‌ను ఉడికించిన బంగాళాదుంపలతో పెడతారు. ఆ పంది కొవ్వు నోట్లో పేరుకుపోతుందనగా ఒక గుక్క మోర్గోన్ తాగితే కడిగేసినట్టు పోతుంది, మళ్లీ మొదటి ముద్దంత రుచిగా ఉంటుంది. ఈ జోడీ చాలు, ఈ వైన్ ఎందుకో అర్థం కావడానికి. 'బూషోన్' అనే ఇక్కడి సంప్రదాయ భోజన హోటళ్లలో అడుగు మందంగా ఉండే 46 సెంటీలీటర్ల సీసాలో పోసిస్తారు, ఇద్దరికి సరిగ్గా సరిపోతుంది. రోస్ట్ చేసిన కోడి, పుట్టగొడుగులు, బాతు మాంసం అన్నిటితోనూ బాగుంటుంది. చీజుల్లో సేంట్-మార్సెలాన్ బాగా పండి కారిపోతున్న దశలో కాకుండా, మధ్యలో ఇంకా కాస్త గట్టిగా ఉన్నప్పుడు. చేపల్లో ట్యూనా తప్ప వేరేవి వద్దు.

మన వంటల సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ఎండుకారం ఎక్కువైతే ఏ రెడ్ వైన్ అయినా మంట పెంచుతుంది, ఇదీ అంతే. వగరు తక్కువ కాబట్టి కొంచెం నయం. గోంగూర మటన్ ముందు తేలిపోతుంది: కూర పులుపు వైన్ పులుపును మింగేసి, గ్లాసులో చప్పటి నీళ్లు మిగుల్తాయి. మిరియాల కోడి వేపుడుతో బాగుంటుంది. మా ఇంట్లో అందరికీ నచ్చింది గుత్తివంకాయ. చింతపండు తగ్గించి, పల్లీ నువ్వుల ముద్ద ఎక్కువ వేస్తే ఆ కమ్మదనానికి ఈ చెర్రీ పులుపు అతికినట్టు సరిపోతుంది. పెరుగన్నం దాకా గ్లాసు లాగొద్దు.

నచ్చనివీ ఉన్నాయి. మోర్గోన్ ఊళ్లో సల్ఫైట్లు (వైన్ చెడిపోకుండా కలిపేవి) వేయకుండా, లేదా అతి తక్కువ వేసి చేసే పద్ధతికి పెద్ద పేరుంది; మార్సెల్ లాపియేర్ లాంటి ఇక్కడి వైన్ తయారీదారులు దాన్ని ప్రపంచమంతా తెలిసేలా చేశారు. బాగా చేస్తే అద్భుతం. కానీ పేరు చెప్పని ఒక చిన్న తోట దగ్గర కొన్న పెట్టెలో సగం సీసాలు వేసవి వచ్చేసరికి సోడాలా చురచురలాడాయి, ఒకదాంట్లో ఎలుక వాసన కూడా. వెళ్లి అడిగితే 'సహజంగా చేసిన వైన్ ఇలాగే ఉంటుంది' అన్నారు. డబ్బు పెట్టి కొన్నవాడికి అది జవాబు కాదు. ఏసీ లేని ఫ్లాట్లలో ఉండేవాళ్లు ఇలాంటివి చలికాలంలోనే కొనుక్కుని తాగేయండి.

ఇంకో ఇబ్బంది, హోటళ్లు దీన్ని గది వేడిలో పెట్టి తెస్తాయి. జులైలో గది వేడి అంటే 28 డిగ్రీలు, ఆ వేడికి ఆల్కహాల్ ఒక్కటే నాలుకకు తగులుతుంది. 14, 15 డిగ్రీలుండాలి. ఇంట్లో అయితే అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తాను, హోటల్లో అయితే మొహమాటపడకుండా ఐస్ బకెట్ అడుగుతాను.

నేను కొనేవి ఎక్కువగా 15 నుంచి 20 యూరోల మధ్యవి. సూపర్ మార్కెట్‌లో 10కి కూడా దొరుకుతాయి, వాటిలో కొన్ని నువోకు అన్నయ్యలంతే. మిగిలిపోతే కార్క్ బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. రెండో రోజు ఇంకా బాగుంటుంది, మూడో రోజుకు మాంసం కూరలో పోసేయండి.