పద్నాలుగు నెలలు పసుపు క్యాప్సూల్స్ వాడాక

ఆదివారం పొద్దున ఇరవై కిలోమీటర్లు పరుగెత్తితే సోమవారం కంటే మంగళవారమే నాకు నరకం. తొడలు, పిక్కలు పట్టేసి మెట్లు దిగలేకపోయేదాన్ని. అలవాటు లేని శ్రమ పడ్డ కండరాల నొప్పి అంతే, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, అంటే 21 కిలోమీటర్ల పరుగు కోసం సాధన చేస్తున్న రోజులవి. దారంతా ఫ్లైఓవర్లు, ఎక్కడం కన్నా దిగడమే తొడల్ని పిండేస్తుంది. ప్రతివారం నొప్పి మాత్ర మింగడం ఇష్టంలేక పసుపు క్యాప్సూల్స్ మొదలుపెట్టాను.

"రోజూ కూరలో వేస్తూనే ఉన్నాం కదే, మళ్లీ మాత్రలెందుకు?" అంది అమ్మ. న్యాయమైన ప్రశ్నే. కానీ పసుపులో అసలు పనిచేసే పదార్థం, కర్క్యుమిన్, ఉండేది సుమారు 3 శాతం. చెంచాడు పసుపులో వంద మిల్లీగ్రాములు రావడమే కష్టం. అదీ ఒంటికి సరిగ్గా పట్టదు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్లు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల్లోని ఘాటు పదార్థం, కలిపి ఇస్తే మనుషుల్లో అది ఇరవై రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరింది. జలుబుకి అమ్మ ఇచ్చే పసుపు పాలల్లో మిరియాలు ఉంటాయని అప్పుడు గుర్తొచ్చింది.

నావి 500 మిల్లీగ్రాములవి, 95 శాతం కర్క్యుమినాయిడ్స్ (కర్క్యుమిన్, దాని జాతి పదార్థాలు), కొంచెం పైపరిన్. మొదటి మూడు వారాలు ఏ తేడా లేదు. పైగా పరగడుపున వేసుకుని కడుపులో మంట తెచ్చుకున్నాను. మధ్యాహ్నం నెయ్యి వేసుకున్న అన్నం తిన్నాక వేసుకోవడం మొదలుపెట్టాక మంట పోయింది. నెలన్నర దాటాక మంగళవారం బిగుతు తగ్గింది, నా లెక్కలో మూడో వంతు. అయితే అదంతా పసుపు పుణ్యమే అనలేను. ఆ సమయానికి కాళ్లు కూడా పరుగుకి అలవాటుపడ్డాయి. అందుకే మధ్యలో ఆరు వారాలు ఆపి చూశాను: నొప్పి కాస్త పెరిగింది, కానీ పాత స్థాయికి పోలేదు. ఐదు గంటలే నిద్రపోయిన వారాల్లో మాత్రం క్యాప్సూల్ ఏమీ చెయ్యలేదు.

ఒకసారి చవగ్గా దొరికిందని వేరే డబ్బా కొన్నాను. లేబుల్ మీద "పసుపు పొడి 500 మిల్లీగ్రాములు" అని తప్ప కర్క్యుమిన్ శాతం లేదు. అంటే వంటింటి పసుపే! ఆ డబ్బు వృథా. కొనేముందు ఆ ఒక్క అంకె చూడండి.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. ఈ క్యాప్సూల్స్‌తో కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా నమోదయ్యాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకి మారినా వెంటనే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నేను ఆరు నెలలకోసారి కాలేయ పరీక్ష చేయించుకుంటున్నాను.

ఇప్పుడు రోజూ వేసుకోవడం మానేశాను. పెద్ద పరుగు ఉన్న వారాల్లోనే, శనివారం నుంచి మంగళవారం దాకా, భోజనం తర్వాత ఒక్కటి.