విశాఖ సాగర్‌నగర్‌లో జూ పక్కన ఇల్లు: అద్దెకి సరే, కొనేముందు సన్‌షేడ్ కింద చూడండి

ఒకపక్క 625 ఎకరాల ఇందిరాగాంధీ జూ పార్కు, ఇంకోపక్క సముద్రం. బ్రోకర్లు మొదట చెప్పేది ఇదే, అబద్ధమూ కాదు. జూ 1977 నుంచి ఉంది కాబట్టి ఆ వైపు అపార్ట్‌మెంటు లేచి గాలికి అడ్డొస్తుందన్న బెంగ లేదు. గాలి ఇటు తిరిగితే తెల్లవారుజామున సింహం గర్జన కూడా వినిపిస్తుంది. దానికి అద్దె అదనం లేదు.

బ్రోకరు చెప్పనిది ఉప్పుగాలి సంగతి. ఉప్పు గాల్లో తేమని పీల్చి ఇనుముని ఎప్పుడూ తడిగానే ఉంచుతుంది. పాత ఫ్లాటు కొనేటప్పుడు టైల్స్ చూసి మురిసిపోకుండా సన్‌షేడ్లు, బాల్కనీ స్లాబుల అడుగుభాగం చూడండి. చువ్వ వెంబడి చీలిక, తుప్పు మరక కనిపిస్తే లోపల చువ్వ ఉబ్బి కాంక్రీటుని బయటికి తోసేస్తోందన్నమాట. పుట్టీ, పెయింటు కొట్టి మరకలు దాచొచ్చు గానీ, సుత్తితో మెల్లగా తడితే వచ్చే డొల్ల శబ్దాన్ని దాచలేరు. సొంతంగా కట్టించుకుంటే, ఉప్పుగాలి నేరుగా తగిలే చోట ఐఎస్ 456 (కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణం) ప్రకారం కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, చువ్వల మీద 45 మి.మీ. కవరు (కాంక్రీటు పొర) ఉండాలి. మేస్త్రి 20 మి.మీ. కవర్ బ్లాకులు చాలంటే ఒప్పుకోవద్దు.

రెయిలింగుకి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వేస్తే గోధుమరంగు మరకలు పడతాయి. 316 రకం ఖరీదెక్కువైనా అదే నిలుస్తుంది. కిటికీలకి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) మేలు. ఏసీ బయటి యూనిట్ సముద్రం వైపు గోడకి బిగించకండి. రెండు నెలలకోసారి కరెంటు ఆపి, ఉప్పులేని నీళ్లతో కడగాలి.

బోరు నీళ్లు మే నెలలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే) మీటరు పెట్టి చూడండి. వానల తర్వాత నవంబరులో చూస్తే తియ్యగానే ఉండొచ్చు. లీటరుకి 500 మి.గ్రా. దాటితే తాగడానికి వేరే ఏర్పాటు చూసుకోవాలి.

జూ తాలూకు ఇబ్బందులు చిన్నవే. కోతులు ట్యాంకు మూతలు లాగేస్తాయి, మరమూత ఉండాలి. జూ గోడకి దగ్గరి ఇళ్లయితే పాములు రాకుండా డ్రెయిన్ నోళ్లకి సన్నకన్ను జాలీ బిగించాలి. డాబా మీద రాలిన ఆకులు నీటి గొట్టాలకి అడ్డుపడతాయి. సెప్టెంబరులోనే శుభ్రం చేయించండి, హుద్‌హుద్ తుపాను వచ్చింది అక్టోబరు 12న అని ఇక్కడెవరూ మర్చిపోలేదు.

ఇక పార్కింగు. జూకి సోమవారం సెలవు, వీధి ఖాళీగా ఉంటుంది. ఓనరు సోమవారం రమ్మంటే చూసి రండి గానీ, కార్తీకమాసం ఆదివారం మధ్యాహ్నం ఇంకోసారి వెళ్లాకే అడ్వాన్సు ఇవ్వండి.