వన్‌టౌన్ ‘రీడెవలప్‌మెంట్’ ఫ్లాట్లు కొనేవాళ్ళకు హెచ్చరిక: ఇంటివాళ్ళు సంతకం పెట్టని స్థలం మీద మా దగ్గర డబ్బు తీసుకున్నారు

విశాఖలో ఫ్లాటో షాపో కొందామని చూస్తున్నవాళ్ళు, ముఖ్యంగా రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చినవాళ్ళు, దయచేసి ఇది చివరిదాకా చదవండి. విశాఖ పాత పేట అయిన వన్‌టౌన్‌లో పాత ఇళ్ళు తీసేసి పెద్ద టవర్ కడతామని, ఇప్పుడే డబ్బు కడితే బాగా తక్కువకు ఇస్తామని చెప్పి ఒక సంస్థ మా ఇంట్లోవాళ్ళ దగ్గర 6 లక్షలు తీసుకుంది. ఆ స్థలం వాళ్ళది కాదు. ప్లాన్ శాంక్షన్ కాలేదు. రెరా నంబరు, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కింద ప్రాజెక్టుకు ఉండాల్సిన రిజిస్ట్రేషన్ నంబరు, లేదు. డబ్బు ఇంకా తిరిగి రాలేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు, అందుకని ఆ పద్ధతి మొత్తం రాస్తున్నాను.

మా మావయ్యగారు స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. గాజువాకలో ఒక ఫంక్షన్ హాల్లో మీటింగ్ పెట్టి, భోజనాలు పెట్టి, తెర మీద టవర్ బొమ్మలు చూపించారు. హాల్లో ఉన్నది దాదాపు అందరూ రిటైరైనవాళ్ళే. 55 లక్షల ఫ్లాట్ ‘ప్రీ లాంచ్’లో 32 లక్షలకే అన్నారు. తాళాలు ఇచ్చేదాకా నెలనెలా అద్దె కూడా మేమే ఇస్తాం అన్నారు. ఆఫర్ ఆ ఆదివారం వరకే అన్నారు.

వాళ్ళు చెప్పిన వార్తలన్నీ నిజమైనవే కావడం ఇందులో అసలు ప్రమాదం. మెట్రో తొలిదశ ప్రతిపాదనలో గురుద్వారా నుంచి వన్‌టౌన్‌లోని పాత పోస్టాఫీసు వరకు 5.08 కిలోమీటర్ల లైన్ ఉన్నమాట నిజం. గూగుల్ వాళ్ళు 2025 అక్టోబరులో ఇక్కడ ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించిందీ నిజమే. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల మొదటి జాబితా 20 నగరాల్లో విశాఖ ఉన్నదీ నిజమే. కానీ మెట్రో రైలు ఇంకా ఒక్కటీ నడవడం లేదు. గూగుల్ డేటా సెంటర్‌కు అనుకున్న తర్లువాడ ఆనందపురం మండలంలో ఉంది, వన్‌టౌన్ పక్కన కాదు. స్మార్ట్ సిటీ మిషన్ గడువు 2025 మార్చి 31తోనే ముగిసింది, బ్రోచర్‌లో మాత్రం ‘స్మార్ట్ సిటీ ప్రాజెక్టులో భాగం’ అని అచ్చువేశారు. ప్రభుత్వం ఒక ప్రాంతానికి రోడ్డో రైలో ఇస్తానంటే, ఆ ప్రాంతంలో ఎవడో ఒకడు అమ్మే ఫ్లాట్‌కు ప్రభుత్వం పూచీ ఉన్నట్టు కాదు. మనవాళ్ళు, అందులోనూ పెద్దవాళ్ళు, ఈ రెండింటినీ కలిపేసుకునేలా మాట్లాడటమే ఆ మీటింగ్ పని.

మావయ్యగారు డబ్బు కట్టాక సేల్ అగ్రిమెంట్ అడిగితే వచ్చేవారం అన్నారు. అలా వారాలు గడిచాయి. మిగతా డబ్బు కట్టేస్తే నేరుగా రిజిస్ట్రేషనే చేయిస్తాం అన్నారు, అందులో కొంత క్యాష్‌గా కావాలన్నారు. అప్పుడు రసీదు తీసి మావారు, నేను కూర్చుని చూశాం. అందులో ఫ్లాట్ నంబరు లేదు, స్థలం డోర్ నంబరు లేదు, బ్రోచర్ మీదున్న సంస్థ పేరు కూడా లేదు. వేరే ఏదో ఎంటర్‌ప్రైజెస్ పేరుంది.

బ్రోచర్‌లోని మ్యాప్ పట్టుకుని ఆ వీధికి వెళ్ళాం. వన్‌టౌన్ తెలిసినవాళ్ళకు తెలుసు కదా, ముందు షాపులు, వెనక ఇళ్ళు, మధ్యలో అందరికీ కలిపి ఒక నడవా. ఒకే గోడకు మూడు కుటుంబాలు. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ ఉన్నారు. టవర్ సంగతి అడిగితే ఆవిడ లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. “మా మరిది కొడుకులు సంతకాలు ఎట్టారంట. నాను ఎట్టనేదమ్మా. మా ఆడపడుచు బొంబాయిలో ఉంది, దాన్ని అడిగినోళ్ళే లేరు. ఈ ఇల్లు మీకెవులు అమ్మీసినారు?” అన్నారు. కిందనున్న షాపతను తన నాన్న కాలం నుంచి అద్దెకున్నానని, ఖాళీ చేసే ప్రసక్తే లేదని చెప్పాడు.

ఆ ఇంటి డోర్ నంబరు మీద ఈసీ తీయించాం, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే పత్రం. ఆవిడ చెప్పినట్టే ఉంది. ఐదుగురు వారసుల్లో ఇద్దరు మాత్రమే బిల్డర్‌కు కట్టుకోమని డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రాసిచ్చారు. వాళ్ళిద్దరూ వాళ్ళ వాటా వరకే ఏమైనా చేయగలరు. పంపకాలు కాని ఉమ్మడి ఇంట్లో వాళ్ళ వాటా ఏ గదో ఎవరూ చెప్పలేరు. అలాంటి చోట అన్‌డివైడెడ్ షేర్, అంటే స్థలంలో విడదీయని వాటా, రిజిస్ట్రేషన్ చేయించుకుంటే మన చేతికొచ్చేది ఫ్లాట్ కాదు, వాళ్ళింటి తగాదాలో ఒక భాగం. వన్‌టౌన్, అల్లిపురం, మహారాణిపేట లాంటి పాత పేటల్లో ఎవరు రీడెవలప్‌మెంట్ అన్నా మొట్టమొదట అడగాల్సింది ఇదే: మొత్తం వారసులు ఎంతమంది, సంతకం పెట్టినవాళ్ళు ఎంతమంది, అద్దెకున్నవాళ్ళతో ఒప్పందం ఉందా. ఏజెంట్‌ను కాదు, ఆ ఇంటికి వెళ్ళి అక్కడున్నవాళ్ళనే అడగండి.

బొమ్మల్లో టవర్ 20 అంతస్తులు. రోడ్డు వెడల్పును బట్టే ఎంత ఎత్తు కట్టనిస్తారన్నది ఉంటుంది. ఆ సందులో రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి. పైగా ఊళ్ళోని ఎయిర్‌పోర్ట్ రన్‌వే నేవీది, ఐఎన్ఎస్ డేగ అనే నేవీ స్థావరంలోది. ఎత్తయిన కట్టడాలకు నేవీ ఎన్‌ఓసీ కావాలి. నగరపాలక సంస్థ జీవీఎంసీకి ప్లాన్ అసలు పెట్టారా అంటే ‘ప్రాసెస్‌లో ఉంది’ అనే మాట తప్ప కాగితం చూపించలేదు.

ఇక డబ్బు వెనక్కి ఇమ్మని అడగడం. ముందు 20 శాతం క్యాన్సిలేషన్ చార్జీ అన్నారు. గట్టిగా అడిగితే చెక్కు రాసిచ్చి, “ఇప్పుడే వేయకండి మేడమ్, నేను చెప్పినప్పుడు వేయండి, లేకపోతే బౌన్స్ అవుతుంది” అన్నారు. ఇది చాలామందికి చేస్తున్న పని, బాగా గుర్తుపెట్టుకోండి. చెక్కు మీదున్న తేదీ నుంచి మూడు నెలలు దాటితే అది చెల్లదు. వాళ్ళు చెప్పేదాకా ఆగితే చేతిలో మిగిలేది చిత్తు కాగితం. మేం గడువులోపే బ్యాంకులో వేశాం, బౌన్స్ అయింది. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు లాయర్‌తో నోటీసు పంపించాలి. నోటీసు అందాక 15 రోజుల్లో వాళ్ళు డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో కేసు వేయాలి. చెక్కు బౌన్స్ మీద వేసే సెక్షన్ 138 కేసుకు ఈ తేదీలే ప్రాణం. ఫోన్లో తీయని మాటలు విని ఈ తేదీలు దాటనివ్వకండి.

రెరా సంగతి. చట్టం 2016లోది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 598 గజాలు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు, బుకింగ్ తీసుకోవడమూ తప్పే. ‘ప్రీ లాంచ్’ అని పేరు మార్చినంత మాత్రాన చట్టం మారదు. సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. 32 లక్షల ఫ్లాట్‌కు అది 3 లక్షల 20 వేలు, మా దగ్గర తీసుకున్నది 6 లక్షలు. రిజిస్టరైన ప్రాజెక్టులో కొనేవాళ్ళ డబ్బులో 70 శాతం విడిగా ఒక బ్యాంకు ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు స్థలానికీ కట్టుబడికే వాడాలి. మన డబ్బుకు ఉన్న ఒక్క కాపలా అది. నంబరు లేని చోట ఆ కాపలా కూడా లేదు. ఏజెంట్‌కు కూడా రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. క్యాష్ అడిగితే అక్కడే ఆగిపోండి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఇన్‌కంట్యాక్స్ చట్టం ప్రకారం కుదరదు. పైగా రేపు కోర్టులో ఆ డబ్బుకు రుజువే ఉండదు.

నెలనెలా అద్దె ఇస్తామన్న మాట గురించి. మాకు ఒకే ఒక్క నెల వచ్చింది. మా డబ్బులోంచే కొంచెం తీసి మాకే ఇచ్చి, దాన్ని చూపించి మా బంధువుల్లో ఇంకొకరిని చేర్చమన్నారు. అనుమతి లేకుండా ఇలా డిపాజిట్లు తీసుకోవడాన్ని నిషేధిస్తూ 2019లో చట్టం వచ్చింది, అందుకే పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులో ఈ విషయం కూడా రాశాం.

ఊరి శివార్లలో, ఆనందపురం, భోగాపురం వైపు కొనేవాళ్ళకు ఇంకో మాట. అక్కడ వారసుల గొడవకు తోడు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ జాబితా ఉంటుంది: ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, దేవస్థానం భూములు. సర్వే నంబరు ఆ జాబితాలో ఉందేమో ముందే చూసుకోండి. భూరికార్డుల తారుమారు మీద 2017లో ఒకసారి, 2019లో మరోసారి సిట్, అంటే ప్రత్యేక దర్యాప్తు బృందం, వేయాల్సి వచ్చిన ఊరు మనది. పాస్‌బుక్ జిరాక్స్ చూసి నమ్మే రోజులు పోయాయి.

వన్‌టౌన్ బాగుపడాలని నాకూ ఉంది. వానొస్తే కారే కప్పులు, పొంగే కాలువలు, నెర్రెలిచ్చిన మిద్దెల కింద జనం కాపురాలు చేస్తున్నారు. అందరి సంతకాలూ తీసుకుని, అద్దెకున్నవాళ్ళకు దారి చూపించి, అనుమతులు తెచ్చుకుని కట్టే బిల్డర్ వస్తే ఆ పెద్దావిడకూ మంచి ఇల్లు దొరుకుతుంది, మనకూ దొరుకుతుంది. ఇలాంటి వాళ్ళ వల్ల రేపు నిజంగా కట్టేవాళ్ళు వచ్చినా ఆ వీధిలో ఎవరూ తలుపు తీయరు. ఇప్పటికే ఆవిడ కొత్తవాళ్ళు కనిపిస్తే భయపడుతున్నారు.

మేం రెరాకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం, చెక్ బౌన్స్ నోటీసు వెళ్ళింది. తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టినవాళ్ళు వడ్డీతో సహా వెనక్కి అడగొచ్చని రెరా చట్టం సెక్షన్ 12లో ఉంది, దాని మీదే అడిగాం. మీరు కూడా వన్‌టౌన్ టవర్ పేరుతో డబ్బు కట్టి ఉంటే బ్రోచర్ పారేయకండి, వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో డబ్బు ఏ పేరు మీదకు వెళ్ళిందో ఇవాళే చూసుకోండి. మీ దగ్గర వాళ్ళిచ్చిన చెక్కు ఉంటే, దాని మీద తేదీ చూసి, గడువు దాటకముందే బ్యాంకులో వేయండి.