మూడు కొండలకి రెండు కర్రలు

ఈ ట్రెక్కింగ్ పోల్స్, అంటే కొండలెక్కేటప్పుడు పట్టుకునే ఊతకర్రలు, మార్చిలో ఇంగ్లండ్‌లో మేముండే వైపు లీడ్స్‌లో కొన్నాను, ఒక చెయిన్ షాపులో క్లియరెన్స్ బుట్టలోంచి. జత 38 పౌండ్లు. ఆ షాపు సొంత సరుకే, మోడల్ పేరు ఏడాదికోసారి మారుస్తుంటారు కాబట్టి నేను పేరు రాసినా మీకు దొరకదు. ఎలాంటివో చెప్తాను. అల్యూమినియం. ఒకదాంట్లోకి ఒకటి దూరే మూడు గొట్టాలు, పొడవు బిగించడానికి ఒక్కో కర్రకి రెండేసి ప్లాస్టిక్ క్లిప్పులు, కార్క్ పిడి, కింద గట్టి లోహపు ములుకు, దానికి తొడిగే రబ్బరు టోపీ. పూర్తిగా ముడిస్తే 65 సెంటీమీటర్లు. మా వంటింటి త్రాసు మీద జత 512 గ్రాములు తూగింది. అట్ట మీద 480 అని ఉంది. టోపీలు లెక్కలో వెయ్యలేదేమో.

కార్బన్ ఫైబర్‌వి ఇంకా తేలిక, కానీ రేటు చూస్తే గుండె ఆగింది. షాపు కుర్రాడు వాటినే అంటగట్టబోయాడు. నాకు అల్యూమినియమే నయం అనిపించింది. రాళ్ళ సందులో ఇరుక్కుని పక్కకి బలం పడితే అల్యూమినియం వంగుతుంది, కార్బన్ అయితే పుటుక్కుమంటుంది. వంగిన కర్రతో ఎలాగోలా ఇల్లు చేరొచ్చు.

అసలు నాకు కర్రలెందుకంటే మోకాళ్ళ వల్ల. 51 ఏళ్ళు. పుట్టి పెరిగింది తిరుపతిలో. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు. ఎక్కడమే గానీ, దర్శనం అయ్యాక దిగడం ఎప్పుడూ బస్సులోనే. అందుకే కాబోలు, కొండ దిగడం వేరే విద్య అని నాకు యాభై దాటేదాకా తెలీలేదు. ఈ దేశం వచ్చాక కొండ మీంచి బస్సు ఉండదు. కిందటేడు ఒక చిన్న కొండ దిగేసరికి వారంరోజులు ఇంట్లో మేడమెట్లు వెనక్కి తిరిగి దిగాను. మా పాప వీడియో తీసి అందరికీ పంపింది.

సరే, పరీక్ష గట్టిగానే పెడదామని జూన్‌లో ఒక శనివారం యార్క్‌షైర్ త్రీ పీక్స్‌కి తీసుకెళ్ళాను. మా ఆయనకి డ్యూటీ ఉంది, ఒక్కదాన్నే. తెలియనివాళ్ళకి, ఇవి మూడు కొండలు: పెనిగెంట్ 694 మీటర్లు, వెర్న్‌సైడ్ 736, ఇంగిల్‌బరో 723. అంకెలు చూస్తే మన కళ్ళకి ఆనవు. కానీ మూడూ ఒకేరోజు ఎక్కి, బయల్దేరిన ఊరికే తిరిగి రావాలి. దాదాపు 39 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు 1,600 మీటర్ల దాకా. 12 గంటల్లోపు ముగించాలన్నది ఆనవాయితీ. 1887లో గిగుల్స్‌విక్ స్కూలు టీచర్లు ఇద్దరు పది గంటల్లో తిరిగొచ్చారట. 1954 నుంచి ఇక్కడ పరుగుపందెం కూడా జరుగుతోంది. వాళ్ళ సంగతి మనకెందుకు.

పెనిగెంట్ కింద హోర్టన్ ఊళ్ళో కారు పెట్టి ఉదయం 6:10కి బయల్దేరాను. డబ్బాలో పులిహోర, ఫ్లాస్కులో టీ, రెండు లీటర్ల నీళ్ళు.

కర్రల పొడవు గురించి ముందే చెప్పాలి. సమనేల మీద పిడి పట్టుకుంటే మోచెయ్యి ఎల్ అక్షరంలా మడవాలి. నా ఎత్తు 157 సెంటీమీటర్లు, నాకు 105 సరిపోయింది. ఎక్కేటప్పుడు కొంచెం తగ్గించాలి, దిగేటప్పుడు అయిదు పది సెంటీమీటర్లు పెంచాలి. గొట్టం మీద అంకెలు అచ్చువేసి ఉన్నాయి గానీ ఆ అచ్చు ఒక్క వానకే చెరిగిపోవడం మొదలైంది. నేను గోళ్ళరంగుతో గీతలు పెట్టుకున్నాను. ఎక్కడానికి ఎరుపు, దిగడానికి గులాబీ.

పెనిగెంట్ ఎక్కడంలో ఇవి పెద్దగా పనికిరాలేదు. మొదటి గంట గోడపక్కన గడ్డి దారి, ఊపిరి ఆడటానికి ఒక తాళంలా టక్ టక్ అంటూ తోడొచ్చాయంతే. చివర కొండ ముక్కు నిలువుగా ఉంటుంది, చేతులతో రాయి పట్టుకుని ఎక్కాలి. అక్కడ కర్రలు అడ్డం. మణికట్టుకి వేలాడదీసుకుని రెండడుగులు వేశానో లేదో ఒకటి రాళ్ళ సందులో దూరి నన్నే వెనక్కి లాగింది. ముడిచి బ్యాగుకి కట్టేశాను. ముడవడం మాత్రం బాగుంది, గ్లవ్స్ తియ్యకుండానే అరనిమిషంలో అయిపోయింది.

7:50కి పైన. దిగడం మొదలుపెట్టగానే అసలు పని తెలిసింది. అప్పటిదాకా పట్టీలోకి చెయ్యి పైనుంచి దూర్చి, పిడిని పిడికిలి బిగించి పట్టుకుంటున్నాను. కుక్కతో వస్తున్న ఒక పెద్దాయన చూసి ఆగాడు. డెబ్బై పైనే ఉంటాయి. అడక్కుండానే నా చెయ్యి పట్టీలోంచి తీయించి, కిందనుంచి పైకి దూర్చి, పట్టీనీ పిడినీ కలిపి పట్టుకోమన్నాడు. అలా చేస్తే బరువు మణికట్టు దగ్గర పట్టీ మీద పడుతుంది, వేళ్ళు వదులుగా ఉండొచ్చు. షాపులో అరగంట మాట్లాడిన కుర్రాడు ఈ ముక్క చెప్పలేదు. రెండు కర్రలూ ముందు దించి, బరువు వాటిమీద వేసి, తర్వాత కాలు దించడం. పదడుగులకే మోకాలి చిప్ప కింద ఎప్పుడూ వచ్చే ఆ సూది పోటు రాలేదని గమనించాను. పట్టీ లోపలివైపు మెత్తటి గుడ్డ కుట్టారు, రోజంతా ఒరిపిడి లేదు. ఇక్కడ పూర్తి మార్కులు.

అక్కణ్ణించి రిబుల్‌హెడ్ దాకా చాలా దూరం, పెద్దగా ఏమీ లేదు. బురద, గొర్రెలు, మళ్ళీ బురద. ఆ బురదలో ఎడమ కర్ర రబ్బరు టోపీ పోయింది. కర్ర లాగితే చప్ మని శబ్దం, ములుకు మాత్రం పైకొచ్చింది. చెయ్యి పెట్టి వెతికాను కూడా. ఆ నల్లటి పీట్ నేల (కుళ్ళిన మొక్కల చిత్తడి మట్టి) మింగిందంటే మింగినట్టే. ఇది ఒక్క ఈ బ్రాండ్ తప్పు కాదనుకోండి, టోపీ ఊరికే తొడిగి ఉంటుంది, బిగింపు లేదు. కానీ టోపీ పోయాక బండల మీద ములుకు చేసే చప్పుడు పంటికింద రాయిలా ఉంటుంది. అంతకన్నా బాధ, సున్నపురాయి మీద తెల్లటి గీతలు పడతాయి. దారిపొడవునా వేల గీతలు కనిపించాయి, అన్నీ నాలాంటివాళ్ళ పుణ్యమే. రాళ్ళ మీద టోపీ ఉంచండి, బురదలోకి వెళ్ళేముందు తీసి జేబులో వేసుకోండి.

రిబుల్‌హెడ్ దగ్గర రైలు వంతెన కింద కూర్చుని పులిహోర తిన్నాను. 24 కమానులు, దాదాపు 400 మీటర్ల పొడవు, 32 మీటర్ల ఎత్తు. 1870లో కట్టడం మొదలుపెట్టారు. కూలీలు ఈ చిత్తడి మైదానంలోనే గుడిసెలు వేసుకుని బతికారు, ఆ గుడిసెల పేటలకి జెరికో, సెబాస్టపోల్ అని పేర్లు. మశూచితో, ప్రమాదాల్లో చాలామంది పోయారు. ఇప్పుడు అక్కడ రోడ్డు పక్కన వ్యాన్‌లో టీ అమ్ముతున్నారు. నా ఫ్లాస్కు టీయే నయం.

వెర్న్‌సైడ్ ఎక్కడం సాగదీసిన సీరియల్. రైలుపట్టాల పక్కన చాలాసేపు, పట్టాలు దాటి, కొండని చుట్టి వెనకనుంచి ఎక్కాలి. బండలు పరిచిన దారి, కర్రలతో మంచి ఊపు వచ్చింది. 1:10కి పైకి చేరాను. ఫోన్‌కి ఉన్నట్టుండి సిగ్నల్ తగిలింది, వెంటనే అమ్మ కాల్. తిరుపతిలో సాయంత్రం అయిదుముప్పావు.

"ఒక్కదానివే పొయినావా? బుద్ధుండాదా నీకు?"

కర్రలున్నాయిలే అన్నాను. ఎంత పెట్టి కొన్నావంది. చెప్పాను. రూపాయల్లోకి మార్చుకుని కాసేపు మాట్లాడలేదు. "ఇక్కడ అలిపిరిలో ఊరికే ఇచ్చినారే కర్ర" అంది. నిజమే, 2023లో చిరుత దాడి తర్వాత నడిచెళ్ళే భక్తులకి టీటీడీ వాళ్ళు తలా ఒక కర్ర ఇచ్చారు. అమ్మ దృష్టిలో కర్ర అంటే ఒకటే, అదీ చిరుతని కొట్టడానికి.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. వెర్న్‌సైడ్ దిగుడు ఈ మూడింటిలోకీ మోకాళ్ళకి శత్రువు. నిలువు, అరిగిన రాళ్ళు, మధ్యమధ్య జారే కంకర. కర్రలు గులాబీ గీత దాకా పెంచి, క్లిప్పులు టక్ మని నొక్కి బయల్దేరాను. సగం దూరంలో ఒక మోకాలెత్తు మెట్టు. రెండు కర్రలూ దించి, ఒళ్ళు ముందుకి వంచాను. ఎడమ కర్ర తనలోకి తనే దిగిపోయింది. గొడుగు మూసుకున్నట్టు. చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని అడుగేస్తే ఎలా ఉంటుందో అలా. పక్కకి పడి, తుంటి రాయికి కొట్టుకుంది, అరచెయ్యి చీరుకుపోయింది. మోకాలికి ఏమీ కాలేదు. అది అదృష్టం, కర్రల గొప్ప కాదు.

కూర్చుని చూస్తే క్లిప్పు విరగలేదు, ఊడలేదు. మూసే ఉంది. పక్కన ఒక చిన్న స్క్రూ ఉంది, అది వదులైంది. ఎక్కేటప్పుడు గంటలకొద్దీ అదిరి అదిరి తిరిగిపోయినట్టుంది. క్లిప్పు మరీ సులువుగా పడుతోందని పొద్దుటే అనిపించింది, సులువుగా ఉందని సంతోషించాను కూడా. బిళ్ళతో తిప్పితే సరిపోయే స్క్రూ, కానీ ఈ దేశంలో చిల్లర చేతిలో పట్టుకుని ఎన్నాళ్ళయిందో. చివరికి ఇంటి తాళంచెవి అంచుతో బిగించాను. క్లిప్పు వెయ్యాలంటే బొటనవేలు కొంచెం నొప్పెట్టాలి, అదే సరైన బిగువు. తర్వాత ప్రతి దిగుడు ముందూ రెండు కర్రల మీదా నా బరువంతా వేసి నొక్కి చూశాను. మళ్ళీ జారలేదు. కర్రతో పాటు ఇచ్చిన కాగితంలో ఈ స్క్రూ ఊసే లేదు. ఉతకడం ఎలాగో మాత్రం ఏడు భాషల్లో ఉంది.

కొండ కింద చాపెల్-లె-డేల్ అనే పల్లె దగ్గర అరచెయ్యి కడుక్కుని, రుమాలు చుట్టుకున్నాను. కార్క్ పిడి మంచిదని అప్పుడు తెలిసింది. చెమట పట్టినా, తడి రుమాలు ఉన్నా జారలేదు. రబ్బరు పిడి అయితే ఆ గాయం మీద రాసుకుని చంపేసేది.

ఇంగిల్‌బరో చివరి ఎక్కుడు రాతిమెట్లు. ఇది నాకు సొంతూరే. మోకాళ్ళ మెట్టు దగ్గర అందరూ అన్నట్టే, ఎవరూ లేరు కదా అని గట్టిగా "గోవిందా" అన్నాను. మబ్బు దిగి ఉంది. మబ్బులోంచి ఎవరో "సారీ?" అన్నారు.

పైన బల్లపరుపుగా పెద్ద మైదానం, పొగమంచులో ఎటు దిగాలో తెలీదు. కాగితం మ్యాప్, కాంపస్ తీశాను. ఆర్డ్‌నెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ళ ఓఎల్2 షీటులో మూడు కొండలూ ఉంటాయి. దాన్ని నమ్మండి, ఫోన్‌ని కాదు. గాలికి మ్యాప్ ఎగరకుండా ఒక కర్ర అడ్డంగా పెట్టాను, అది కూడా ఒక ఉపయోగమే.

చివరి రెండు గంటలు సల్బర్ నిక్ అనే రాతి సందు మీదుగా సున్నపురాతి దారి. నున్నగా అరిగి, తడిస్తే సబ్బే. టోపీ ఉన్న కుడి కర్ర చక్కగా నిలబడింది, టోపీ లేని ఎడమది కర్ మని జారింది. ఒకసారి నెర్రెలో ఇరుక్కుని కాస్త వంగింది, ఇప్పటికీ ఆ వంపు ఉంది. సాయంత్రం 5:45కి హోర్టన్ స్టేషన్ దగ్గర పట్టాలు దాటాను. 11 గంటల 35 నిమిషాలు. మర్నాడు తొడలు నొప్పి, తుంటి మీద పులిహోర రంగు మచ్చ, మోకాళ్ళు మాత్రం మామూలుగా ఉన్నాయి. మేడమెట్లు ముందుకే దిగాను. పాపకి వీడియో దొరకలేదు.

ఇంటికొచ్చాక మూడు గొట్టాలూ విడదీసి ఆరబెట్టండి. తడిగా ముడిచి పెడితే అల్యూమినియం లోపల పట్టేసి మళ్ళీ రాదు. నూనె రాయకండి, తర్వాత క్లిప్పు పట్టు నిలవదు.

అయిదుకి మూడున్నర ఇస్తున్నాను. స్క్రూ గురించి ఒక్క ముక్క రాసి ఉంటే నాలుగున్నర ఇచ్చేదాన్ని. కొత్త రబ్బరు టోపీలు తెప్పించాను. డిసెంబరులో తిరుపతి వెళ్తున్నాం. సూట్‌కేసులో పడతాయో లేదో పెట్టి చూశాను, మూలకి మూల పెడితే పడుతున్నాయి. ఈసారి బస్సెక్కకుండా అలిపిరికి దిగి చూడాలి.