గబ్బిలాల కేక వినిపించే 1,450 రూపాయల కిట్

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మన చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకే వింటుందని, గబ్బిలాలు అంతకు మించిన అతిధ్వనులు చేస్తాయని ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకు చెబుతూనే ఉన్నాను. నేను మాత్రం ఒక్కసారీ వినలేదు. అందుకే ఆ కేకలను చెవికి వినపడేలా మార్చే, మనమే అతికించుకోవాల్సిన ఈ కిట్ తెప్పించాను. బ్యాటరీ, ఇయర్‌ఫోన్స్ మనమే కొనుక్కోవాలి.

ముందు ఫోన్‌తోనే పని అవుతుందేమో చూశాను. మామూలుగా ఫోన్ శబ్దానికి సెకనుకు 48,000 నమూనాలు తీస్తుంది, కాబట్టి అందులో సగం, అంటే 24 కిలోహెర్ట్జ్ దాటితే దానికి అందదు. అంతకంటే వేగంగా నమూనాలు తీసే యూఎస్‌బీ మైకులు ఉన్నాయి గానీ వాటి ధర నాకు అందేది కాదు. ఈ కిట్ పద్ధతి వేరు. గబ్బిలం 45 కిలోహెర్ట్జ్ దగ్గర అరుస్తుంటే, లోపల తరంగాలు పుట్టించే ఆసిలేటర్‌ను మనం 43కి తిప్పుతాం. కిట్ రెంటినీ కలగలిపితే వాటి తేడా 2 కిలోహెర్ట్జ్ పుడుతుంది, అది చెవికి వినపడుతుంది. ఇంటర్లో చెప్పే విస్పందనాలకు (కొద్ది తేడా ఉన్న రెండు ధ్వనులు కలిసినప్పుడు వచ్చే హెచ్చుతగ్గులకు) దగ్గర చుట్టం. రికార్డు చేసి తర్వాత వినక్కర్లేదు, అప్పటికప్పుడే వినొచ్చు.

సోల్డరింగ్‌కు రెండు సాయంత్రాలు పట్టింది. పార్శిల్లో ఒక కెపాసిటర్ తక్కువ వచ్చింది. అమ్మినవాళ్లకు మెసేజ్ పెడితే జవాబు లేదు, రేడియో రిపేరు షాపులో కొన్నాను. డయల్ మీది అంకెలను కూడా నమ్మకండి. మా బడిలో పిల్లలు ప్రయోగాలు చేసుకునే అటల్ టింకరింగ్ ల్యాబ్‌లో 40 కిలోహెర్ట్జ్‌తో దూరం కొలిచే సెన్సర్ ఉంది. దాన్ని ఎదురుగా పెడితే డయల్ 43 దగ్గర ఉన్నప్పుడు టిక్‌టిక్ అన్నిటికంటే గట్టిగా వచ్చింది. ఆ మూడు తేడాను స్కెచ్ పెన్నుతో దిద్దుకున్నాను.

అసలు లోపం మైకుది. కారు వెనక పార్కింగ్ సెన్సర్ లాంటి గుండ్రటి బిళ్ల ఇచ్చారు. అది 40 చుట్టుపక్కల బాగా వింటుంది, దూరం జరిగేకొద్దీ చెవిటిదైపోతుంది. డయల్ మీద 100 వరకు అచ్చు వేయడం న్యాయం కాదు.

మొదటి రోజు పిల్లల్ని ఊరి మర్రిచెట్టు కిందికి తీసుకెళ్లాను. వందల కొద్దీ పెద్ద గబ్బిలాలు. మామూలు చెవికి గోల గోలగా ఉంది, ఇయర్‌ఫోన్‌లో ఏమీ లేదు. కిట్ పాడైందేమోనని తాళాల గుత్తి ఊపితే గలగలా మోగింది. అప్పుడు గుర్తొచ్చింది, పళ్లు తినే ఆ పెద్దవి దారి కోసం అతిధ్వనులు వాడవు, కళ్లూ ముక్కూ చాలు వాటికి. ఆ సంగతి పిల్లలకు అక్కడే చెప్పాను.

మర్నాడు పొద్దుగూకగానే చెరువుగట్టుకు వెళ్లాం. వీధిదీపం కింద పురుగుల కోసం చిన్నవి తిరుగుతున్నాయి. టప్, టప్, టప్ అని తడి రాయి మీద చినుకులు పడుతున్నట్టు వినపడింది. గబ్బిలం పురుగును సమీపించేసరికి ఆ చప్పుళ్లు దగ్గర దగ్గరగా వచ్చి గుర్‌ర్ర్ అని ముగిశాయి. ఆ క్షణంలో అది సెకనుకు వందకు పైగా కేకలు వేస్తుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకున్న ఎనిమిదో తరగతి అమ్మాయి తల పైకెత్తకుండానే, ‘టీచర్, ఇప్పుడు పట్టేసింది!’ అంది. ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. 1938లో హార్వర్డ్‌లో విద్యార్థిగా ఉన్న డొనాల్డ్ గ్రిఫిన్, ప్రొఫెసర్ పియర్స్ చేసిన పరికరం ముందు గబ్బిలాలను పెట్టి వాటి కేకలు మొదటిసారి విన్నాడు. మా చెరువుగట్టు మీద మేమూ అదే విన్నాం.

దీపం స్తంభానికి మరీ దగ్గరకు వెళ్తే రొద వస్తుంది, పది అడుగులు ఇవతల నిలబడండి. ఇయర్‌ఫోన్ ఒక్కటే కావడంతో పిల్లలు వంతుల కోసం కొట్లాడుకున్నారు. అందుకని రెండో కిట్ ఆర్డర్ పెట్టాను. ఈసారి మైకు మార్చాకే బయటికి తీస్తాను.