మా అమ్మాయి ఫో లాక్స్: అయిదుకు నాలుగు స్టార్లు

జడ వేయడంలో నన్ను మించినవాళ్లు లేరనుకునేదాన్ని. మా ఊళ్లో పెళ్లికూతుళ్లకు పూలజడ కుట్టిన చేయి ఇది. ఆ గర్వమంతా మా అమ్మాయి తల దగ్గర అణిగిపోయింది. వాళ్ల నాన్నది తరాలుగా హ్యూస్టన్‌లో ఉంటున్న నల్లజాతి కుటుంబం. పిల్లకు అచ్చంగా మేనత్త జుట్టు వచ్చింది. పొడిగా ఉన్నప్పుడు దువ్వెన పెడితే పళ్లు విరుగుతాయి. చెవి దగ్గర ముడుచుకున్న ఉంగరాన్ని తడిపి లాగితే భుజం దాటుతుంది. పదకొండేళ్లు నిండగానే, "వేసవి సెలవులకు ఫో లాక్స్ కావాలమ్మా" అని పట్టుబట్టింది.

లాక్స్ అంటే జుట్టు దానంతట అది పెనవేసుకుని కట్టిన జడలు. ఫో లాక్స్ వాటికి నకళ్లు. సొంత జుట్టును సన్నటి పాయలుగా అల్లి, కొన్న జుట్టును దాని చుట్టూ తాడు పేనినట్టు చుడతారు. లోపలి జుట్టుకు రోజూ దువ్వెన తగలదు, ఎండా దుమ్మూ తగలవు. అందుకే దీన్ని ప్రొటెక్టివ్ స్టైల్ అంటారు. వీడియో కాల్‌లో చూసి మా అమ్మ అదిరిపడింది. "పిల్లకు జడలు కట్టించావేమే? బడిలో ఊరుకుంటారా?" అంది. 2023 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో ఇలాంటి జడల మీద బడుల్లో, ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని చట్టం ఉందని చెప్పాను. చట్టం సంగతి విన్నాక కూడా, "అయినా తలంటు ఎలా పోస్తావు?" అని అడిగింది. అసలు ప్రశ్న అదే.

నిరుడు ఒక దుకాణంలో వేయించినప్పుడు ఆ ప్రశ్న నేను అడగలేదు. ముంగురుల దాకా లాగి బిగించారు. మర్నాటికి నుదుటి అంచున ఆవగింజలంత తెల్లటి పొక్కులు లేచాయి. పిల్ల దిండు మీద తల ఆనించలేకపోయింది. ఫోన్ చేస్తే రెండు రోజుల్లో సర్దుకుంటుందన్నారు. మా అత్తగారు వచ్చి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా ముందు వరుసంతా విప్పేశారు. పదే పదే అలా లాగి బిగిస్తూ పోతే ముంగురులు శాశ్వతంగా ఊడిపోవచ్చని తర్వాత తెలిసింది.

ఈసారి వెళ్లింది నైరుతి హ్యూస్టన్‌లో, సెనెగల్ నుంచి వచ్చిన ఒకావిడ ఇంటికి. గోడమీద లైసెన్సు కోసం వెతకకండి. టెక్సస్‌లో జడలు అల్లేవాళ్లకు 2015లోనే ఆ అవసరం తీసేశారు. అందుకని నేను ఫోటోలు అడిగాను, అదీ జడలవి కాదు, నుదుళ్లవి. ఆవిడ నవ్వి, తన సొంత కూతురి తల చూపించింది.

పని మొదలుపెట్టే ముందు చేసింది చూసి నాకు నమ్మకం కుదిరింది. మేం తెచ్చిన ఏడు ప్యాకెట్ల కృత్రిమ జుట్టును బకెట్ నీళ్లలో, ఆపిల్ వెనిగర్ కలిపి నానబెట్టింది. కాసేపటికి నీళ్ల మీద పాలమీగడలా తెల్లటి పొర తేలింది. కొత్త జడలు వేసుకున్న వారంలో తల పీకి పెట్టే దురద చాలామందికి కొన్న జుట్టు మీదుండే ఆ పూత వల్లేనట. నిరుడు మా పిల్ల పెన్సిలుతో తల గోక్కుంటూ తిరిగిన కారణం అప్పుడు అర్థమైంది. ముంగురుల దగ్గరికి వచ్చేసరికి, "ఇవి నావి కావు" అని వాటిని వదిలేసింది. ప్రతి పాయా అల్లాక పిల్లను కనుబొమ్మలు పైకెత్తమంది. నుదురు కదలకపోతే విప్పి మళ్లీ అల్లింది. ఆరు గంటలు పట్టింది. జుట్టు ఖర్చు కాక 220 డాలర్లు, నగదు మాత్రమే.

జుట్టు కొనేటప్పుడు జరిగిన ముచ్చట ఒకటి. దుకాణంలో గాజు బీరువాలో తాళం వేసి 'ఇండియన్ టెంపుల్ హెయిర్' అని రాసిన పెట్టెలున్నాయి. ఏడేళ్లప్పుడు కల్యాణకట్టలో నా తలనీలాలు ఇచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆ పెట్టె మీద ధర చూశాక, స్వామికి నేనిచ్చింది చిన్న మొక్కేమీ కాదనిపించింది. లాక్స్‌కు మాత్రం ఆ నున్నటి జుట్టు పట్టు నిలవదు, గరుకుగా ఉండే మార్లీ రకమే కావాలి. ఆ మార్లీ రకం కృత్రిమం కావడమే నన్ను ఇంకా తొలుస్తోంది. 2025లో కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ పది కృత్రిమ జుట్టు ఉత్పత్తులను పరీక్షిస్తే, పదింటిలోనూ క్యాన్సర్ కారకాలు, తొమ్మిదింటిలో సీసం కనిపించాయి. వెనిగర్ స్నానంతో అవి పోతాయని ఎవరూ భ్రమపడనక్కర్లేదు. అందుకే ఏడాదికి ఒక్కసారే అని పిల్లతో ఒప్పందం చేసుకున్నాను.

ఇంటికొచ్చాక మొదటి తప్పు నాదే. మనకు తల అంటే నూనె. గిన్నెలో కొబ్బరి నూనె వెచ్చబెట్టి జడల పొడవునా పట్టించాను. కృత్రిమ జుట్టు నూనె తాగదు. మూడు రోజులకు జడలన్నీ దుప్పటి నూగుతో బూజు పట్టినట్టు తయారయ్యాయి. ఆవిడకు ఫోటో పంపితే, "మాడుకు నాలుగు చుక్కలు చాలు, తాడుకు ఎందుకు?" అని జవాబిచ్చింది. చెప్పవలసిన ఆ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది.

తలంటు రెండు వారాలకోసారి. సన్నటి ముక్కున్న సీసాలో షాంపూను నీళ్లతో పలచన చేసి, పాయల మధ్య మాడుకు మాత్రమే పోసి వేలికొసలతో రుద్దాలి. జడలను నలపకూడదు, పైనుంచి కిందికి పిండుతూ రావాలి. తుడవడానికి తువ్వాలు వద్దు, పాత టీషర్టు మేలు, నూగు అంటదు. అసలు కష్టం ఆరబెట్టడంలో ఉంది. ఒకసారి ఈత నుంచి వచ్చి తడి జడలతోనే నిద్రపోయింది. మర్నాడు కారెక్కితే వానాకాలంలో ఆరని బట్టల వాసన. మళ్లీ కడిగి, డ్రయ్యరు చల్లగాలి మీద పెట్టి, మధ్యాహ్నమంతా దాని ముందే కూర్చోబెట్టాను. తడి లోపల పాయ దగ్గర దాక్కుంటుంది. పైన ముట్టుకుంటే పొడిగా ఉందని మోసపోవద్దు.

రాత్రి సాటిన్ టోపీ తప్పనిసరి. నూలు దిండు తేమ లాగేసుకుని, బదులుగా నూగు ఇస్తుంది. దుకాణంలో కొన్నది నిద్రలో ఊడిపోతుంటే, మా అమ్మ విజయవాడలో లంగా లైనింగు సాటిన్ కొని నాడా పెట్టి రెండు కుట్టి పంపింది. జడలు కట్టించావని నన్ను తిట్టిన మనిషే.

ఆరో వారం చివర విప్పాము. అంతకు మించి ఉంచితే కుదుళ్ల దగ్గర కొత్తగా పెరిగిన జుట్టు నిజంగానే జడ కడుతుంది. పిల్ల జుట్టు ఎక్కడిదాకా ఉందో వేళ్లతో తడిమి చూసుకుని, దానికి బాగా కిందుగా కత్తిరించి చుట్టు విప్పుకుంటూ వచ్చాను. విప్పుతుంటే చేతి నిండా ఊడిన వెంట్రుకలు. రాత్రి పదకొండింటికి స్నానాలగదిలో ఆ ఉండను పట్టుకుని ఏడ్చాను. మా అత్తగారు ఫోన్‌లో లెక్క చెప్పారు: మనిషికి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలు, 42 రోజులుగా రాలినవి జడలోనే చిక్కుకుని ఉన్నాయి, అంతే. తడపకముందే వేళ్లతో చిక్కు తీయమన్నారు, చిక్కుతోపాటు తడిపితే ముద్ద కడుతుందట. అప్పటికే నేను కుళాయి తిప్పాను, ఎడమ చెవి పక్క ఒక పాయ కత్తెర పాలైంది.

అయిదో స్టారు పోయింది అక్కడే. అంత శ్రద్ధగా వేసిన మనిషి, విప్పే పద్ధతి చెప్పి పంపలేదు. నిరీక్షణకు కూడా కోత వేయాలి గానీ, ముంగురులు ఒక్కటీ ఊడనందుకు మాఫీ చేస్తున్నాను. వెళ్లేవాళ్లు తిండి వెంట తీసుకెళ్లండి, ఫోన్ ఛార్జరు మరవకండి. ఆవిడ ఎనిమిదింటికి రమ్మంటే తొమ్మిదిన్నరకు వెళ్లినా మీరే మొదటివాళ్లు.