గాజు కెటిల్: నీళ్లు మరగడం కళ్లారా చూడవచ్చు, మూత మాత్రం బాగా లేదు

హన్మకొండ చౌరస్తా దగ్గరి దుకాణంలో కొన్న, లీటరున్నర పట్టే 1500 వాట్ల గాజు కెటిల్‌ను కొంతకాలంగా మా ఇంట్లో వాడుతున్నాం. నీళ్లు త్వరగా కాచే పని స్టీలు కెటిల్ కూడా చేస్తుంది కాబట్టి, దీనికి కొంత ఎక్కువ ధర పెట్టడానికి ఒక్కటే కారణం: నీరు ఆవిరిగా మారే క్రమమంతా ఇందులో పిల్లలకు చూపించవచ్చు.

స్విచ్ వేసిన కాసేపటికి అడుగున సన్నని బుడగలు అంటుకుని కనిపిస్తాయి. అవి ఆవిరి కావు. నీళ్లలో కరిగి ఉన్న గాలి వేడికి బయటపడుతోంది. తరువాత హోరు మొదలవుతుంది. అడుగున పుట్టిన ఆవిరి బుడగలు పైనున్న, ఇంకా అంతగా కాగని నీళ్లలోకి రాగానే చితికిపోవడం వల్ల వచ్చే చప్పుడు అది. నీళ్లన్నీ సమానంగా కాగాక బుడగలు పైదాకా వచ్చి పగులుతాయి, హోరు తగ్గుతుంది. అప్పుడు కెటిల్ మూతిని గమనించాలి: మూతిని ఆనుకుని కొద్ది మేర ఏమీ కనిపించదు, అసలైన ఆవిరి అదే. ఆ పైన తెల్లగా లేచేది చల్లబడి మళ్లీ నీటి తుంపరగా మారినది. కనిపించని ఆ చోటే చేతిని ఎక్కువగా కాలుస్తుంది కాబట్టి పిల్లలను దూరంగా నిలబెట్టి చూపించాలి.

లోపం మూతలో ఉంది. ఆవిరి సన్నని దారి గుండా వెళ్లి స్విచ్ దగ్గరి ద్విలోహపు పలకను (రెండు వేర్వేరు లోహాలు అతికించిన రేకును) వేడి చేస్తే, అది వంగి కరెంటు ఆపుతుంది. మా కెటిల్ మూత త్వరలోనే వదులై, ఆవిరి పక్కలకు పోయి, స్విచ్ ఆలస్యంగా పడుతోంది. వరంగల్ ఎత్తులో నీళ్లు 99 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆ తరువాత ఎంతసేపు ఉంచినా వేడి పెరగదు, కరెంటంతా ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 జౌళ్ల (జౌలు అంటే శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి చాలు, ఆవిరి చేయడానికి దాదాపు 2,260 జౌళ్లు కావాలి. అందుకే నిండు కెటిల్ ఆరు నిమిషాల్లో మరిగినా, అదంతా ఇగిరిపోవడానికి అరగంటకు పైగా పడుతుంది.

బోరు నీళ్లు కాస్తే అడుగున తెల్లటి సున్నపు పొర కడుతుంది, నిమ్మరసం పోసి కాచితే వదులుతుంది. అయితే ఫ్లోరైడ్ ఉన్న నీళ్లను ఇందులో మరిగించి తాగితే మంచిదనుకోవద్దు. నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడ్ మిగిలిన నీళ్లలోనే ఉండిపోతుంది.

పిల్లలున్న ఇంటికి ఈ కెటిల్ కొనమనే చెబుతాను, కానీ దుకాణంలోనే నీళ్లు పోయించి, మరిగిన వెంటనే స్విచ్ పడుతుందో లేదో చూసుకుని డబ్బు కట్టండి.